కట్టె మీద యాంటెన్నా, కాగితం మీద తీర్మానం: రెండూ కావాలె

(ములుగులో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి దాకా చదువుకున్నోన్ని, ఇంజనీరును కాదు. మా ఊళ్ల సెల్లు సిగ్నలు కోసం రెండుసార్లు పైసలు పోగొట్టుకొని, మూడోసారి నేర్చుకున్న. మీరు పోగొట్టుకోవద్దని చెప్తున్న.

సెల్లు ముచ్చటకు రైతు సంఘంల ఏం పని అని కొందరు అనుకుంటరు. పదేండ్ల కింద నేను కూడా అట్లనే అనేటోన్ని. ఇయ్యాల చూడున్రి. సీసీఐకి పత్తి అమ్మాలంటే 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకోవాలె. పీఎం కిసాన్ పైసలకు ఈ-కేవైసీ కావాలె, దానికి ఓటీపీ రావాలె. యూరియా బస్తాకు వేలిముద్ర మిషన్ పని చెయ్యాలె. ఉపాధి పనికి పోయిన కూలీల హాజరు 2023 జనవరి 1 నుంచి ఫోను యాప్‌లనే పడుతున్నది. ఎనుమాములల మిర్చి ధర ఎంత పలికిందో బేరగాడు ఫోన్ల చూస్తడు, మనం బేరగాని మొఖం చూస్తం. సిగ్నలు లేనోనికి పంట ఉన్నా, పాసుబుక్కు ఉన్నా చెయ్యి ఖాళీనే.

మా ఇంటికాడ సిగ్నలు ఒక గీత వస్తది, పోతది. చెరువు కట్ట ఎక్కితేనే మాట వినపడుతది. ఒకనాడు స్లాట్ కోసం నంబరు కొట్టి, ఓటీపీ కోసం ఫోను పట్టుకొని కట్ట మీదికి ఉరికిన. మెసేజ్ వచ్చేటాళ్లకు దాని గడువు అయిపోయింది. మళ్ల కొట్టిన, మళ్ల గంతే. ఆ రోజు స్లాట్లు అయిపోయినయి. పత్తి ఇంట్ల ఉంటే తూకం తగ్గుతది, అప్పు ఇచ్చినోడు ఆగడు. ఆఖరికి తక్కువ ధరకు ఊళ్లనే అమ్ముకున్న. అప్పుడు అర్థమయింది, ఇది సెల్లు ముచ్చట కాదు, మద్దతు ధర ముచ్చట అని.

ఇగ నేను చేసిన మొదటి తప్పు చెప్తా. పట్నంల ఒక దుకాణంల సిగ్నల్ బూస్టర్ అని డబ్బా అమ్మితే కొనుక్కొచ్చిన. కొన్నాళ్లు పని చేసినట్టే అనిపించింది. తర్వాత చుట్టుపక్కల ఇండ్లల్ల కాల్స్ తెగుడు మొదలయింది. సంగతేందంటే, ఆ డబ్బా మన సిగ్నలుతోపాటు లొల్లిని కూడా పెంచి టవరు మీదికి పంపుతది. పది మంది మాట్లాడేకాడ ఒకడు మైకు పెట్టి అరిచినట్టు. అనుమతి లేకుండ ఇసొంటి బూస్టర్ పెట్టుడు చట్టానికి విరుద్ధం కూడా. ఎవరన్నా అమ్మజూపితే కొనకున్రి. కొన్నోళ్లుంటే ఇయ్యాలనే బందు పెట్టున్రి.

యాంటెన్నా వేరు, బూస్టర్ వేరు. యాంటెన్నాకు కరెంటు ఉండదు, అది సిగ్నలును తయారు చెయ్యది. అది వానల పెట్టిన బిందె అసొంటిది. మూతి పెద్దగున్న బిందెల ఎక్కువ నీళ్లు పడతయి, కని వానే లేకుంటే ఎంత పెద్ద బిందె పెట్టినా చుక్క పడదు. కాబట్టి మొదటి పరీక్ష ఏందంటే, మీ ఇంటి కప్పు మీద, లేకుంటే పొడుగు నిచ్చెన మీద సిగ్నలు కొంచెమన్నా దొరుకుతదా? దొరికితే యాంటెన్నా పని చేస్తది. దొరకకుంటే పైసలు పెట్టకున్రి.

గీతలను నమ్మకున్రి, ఒక్కో ఫోను ఒక్కో తీరు చూపిస్తది. చాలా ఫోన్లల్ల సెట్టింగ్స్‌ల ఫోను వివరాల కాడ సిమ్ స్టేటస్ అని ఉంటది. అండ్ల సిగ్నలు బలం అంకెల్ల కనిపిస్తది. ముందు మైనస్ ఉంటది, అందుకే అంకె చిన్నగుంటే సిగ్నలు మంచిది. మైనస్ 85 అంటే బాగున్నట్టు. మైనస్ 115 దాటితే కష్టమే. మూడు అంకెలు పడిపోతే బలం సగమయినట్టు లెక్క. ఈ లెక్క యాదికి పెట్టుకోన్రి, కేబులు కొనేటప్పుడు అక్కరకొస్తది.

ఇప్పటి ఫోన్లకు బయటి యాంటెన్నా తగిలించే సాకెట్ ఉండదు. 2000 తర్వాత ఊర్లల్లకు వచ్చిన డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లు యాదికున్నయా? బల్ల మీద పెట్టే వైర్ లేని ఫోన్లు. టవరు దూరముంటే వాటికి ఇంటి మీద యాంటెన్నా కట్టేటోళ్లు. ఇప్పుడు ఆ పని రౌటరు చేస్తది. సిమ్ పెట్టే 4జీ రౌటరు, వెనుక రెండు యాంటెన్నా సాకెట్లు ఉన్నది చూసి తీసుకోవాలె. ఇంటి మీద యాంటెన్నా, దాని నుంచి కేబులు, కేబులు కొసకు రౌటరు, రౌటరు నుంచి వైఫై. ఫోన్ల వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే మాట కూడా దాని మీదికెల్లే వస్తది, ఓటీపీ మెసేజ్ కూడా చాలా వరకు వస్తది. అయితే మీ ఫోన్ల, మీ సిమ్ కంపెనీల ఆ సౌకర్యం ఉన్నదా అన్నది ముందే అడుగున్రి.

నేను చేసిన రెండో తప్పు కేబులు కాడ. మంచి యాంటెన్నా కొని, అగ్గువకు దొరికిందని సన్న కేబులు పది మీటర్లు వేసిన. ఇంట్ల కూసుంటే ఏం తేడా లేదు! తర్వాత తెలిసింది ఏందంటే, ఆర్‌జీ-58 అనే సన్న కేబులు పది మీటర్లు వేస్తే, 1800 మెగాహెర్ట్జ్ కాడ పైన దొరికిన సిగ్నలుల ఐదో వంతే కిందికి దిగుతది. పగిలిన కాలువల నీళ్లు పారినట్టు, చివరి మడికి ఏం మిగలది. ఎల్ఎంఆర్-400 అనే లావు కేబులు వేస్తే మూడుల రెండు వంతుల దాకా దిగుతది. డిష్ టీవీ కేబులు కూడా దీనికి సరిపోదు, అది 75 ఓమ్‌ల రకం, ఇది 50 ఓమ్‌లది కావాలె. కేబులు ఎంత పొట్టిగ ఉంటే అంత లాభం. ఇంకో ఉపాయం ఉన్నది. యాంటెన్నా, రౌటరు రెండూ కలిసి ఒకే డబ్బాల ఉండి, వానకు తట్టుకునే రకం దొరుకుతది. దాన్ని కట్టె మీదనే పెట్టి కిందికి నెట్ కేబులు దించితే ఈ నష్టమే ఉండదు.

యాంటెన్నాను తిప్పుడు మనకు కొత్త కాదు. దూరదర్శన్ రోజుల్ల ఒకరు ఇంటి మీద యాంటెన్నా తిప్పుకుంట "వచ్చిందా?" అంటే, లోపలి నుంచి "వచ్చింది వచ్చింది, ఆపు!" అనేటోళ్లం. ఇది కూడా గంతే. టవరు దిక్కు మూతి పెట్టి, కొంచెం కొంచెం తిప్పుకుంట, ప్రతిసారి ఒక నిమిషం ఆగి అంకె చూడాలె. చెట్ల కొమ్మల కంటె పైకి ఉండాలె. టేకు ఆకు వానల తడిస్తే సిగ్నలును మింగుతది, అందుకే ఎండకాలం వచ్చిన సిగ్నలు వానాకాలం రాదు. 700, 850, 900 మెగాహెర్ట్జ్ అలలు దూరం పోతయి, అడవిల కూడా కొంత నయం. యాంటెన్నా కొనేటప్పుడు 700 నుంచి 2700 దాకా పట్టేది అడుగున్రి.

రెండు జాగ్రత్తలు మరువకున్రి. కరెంటు తీగలు దగ్గర ఉన్నకాడ ఇనుప పైపు లేపకున్రి. అది తీగ మీద పడితే మనిషి దక్కడు. పిడుగుకు పైపును భూమిలకు ఎర్తింగ్ చెయ్యాలె, ఉరుముల వానప్పుడు కేబులు పీకి దూరం జరగాలె.

మాకు అన్నీ కలిపి ఎనిమిది వేల చిల్లర అయింది. ఒక్కనికి ఇది బరువే. అందుకే మేం పన్నెండు ఇండ్లు కలిసి వేసుకున్నం. మొన్న స్లాట్ల పొద్దు మా అరుగు మీద చాప పరిచినం, వంతుల వారీగా వచ్చి బుక్ చేసుకున్నరు. ఒక్క ముసలవ్వ, ఓటీపీ రాంగనే "కట్ట ఎక్కే పని తప్పింది బిడ్డా" అన్నది. సంఘం తరఫున నేను కోరేది ఏందంటే, వడ్ల కొనుగోలు కేంద్రం కాడ, పంచాయతీ ఆఫీసు కాడ, రేషన్ దుకాణం కాడ ఇసొంటి యాంటెన్నా ఒకటి పెట్టాలని ప్రతి కమిటీ అడగాలె. రైతు సొంత పైసలతో ప్రభుత్వ మిషన్‌కు సిగ్నలు తెచ్చుడు ఏం న్యాయం?

ఇగ అసలు మాట. యాంటెన్నా వచ్చిందని టవరు అడుగుడు మానొద్దు. మేడారం జాతరకు బండ్ల మీద టవర్లు వస్తయి. అంటే ఈ అడవిల సిగ్నలు ఇయ్యొచ్చు, ఇయ్యరాని జాగ ఏం కాదు. జాతర కాంగనే బండి మీద వచ్చిన టవరు బండి మీదనే పోతది. అమ్మల గద్దెల కాడికి వచ్చినోళ్లకు నాలుగు రోజుల సిగ్నలు, ఏడాది పొడుగున ఇక్కడ దున్నెటోళ్లకు చెరువు కట్టనా?

2023 జూలై వానలు మరిచిపోలేం. మన వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. అదే వానలకు ముత్యాలధార జలపాతం కాడ చిక్కుకున్న పర్యాటకులు ఫోను చెయ్యగలిగిండ్రు కాబట్టే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు పోయి బయటికి తెచ్చిండ్రు. ఒక్క ఫోను విలువ గంత. పాము కరిచిన రాత్రి 108కి ఫోను కలవకుంటే ఏమయితదో మీకు నేను చెప్పక్కరలేదు. వరద వచ్చి కరెంటు పోతే మన రౌటరు కూడా ఆగిపోతది. అప్పుడు బ్యాటరీ ఉన్న టవరే దిక్కు.

కేంద్రం 2022 జూలై 27న సిగ్నలు లేని 24,680 ఊర్లకు 4జీ ఇయ్యాలని 26,316 కోట్ల రూపాయలతోటి మంజూరు చేసింది. మన గూడెం ఆ లెక్కల ఉన్నదా లేదా అని ప్రతి పంచాయతీ రాసి అడగాలె. "అడవి భూమి, పర్మిషన్ రాదు" అంటే, అటవీ హక్కుల చట్టం 2006ల సెక్షన్ 3(2) చూపించున్రి. గ్రామసభ సిఫారసు ఉంటే కరెంటు, టెలికమ్యూనికేషన్ లైన్లకు ఎకరాల కొద్ది కాకుండ, హెక్టారు కన్న తక్కువ అడవి భూమి ఇయ్యొచ్చని అండ్ల ఉన్నది.

అందుకే ఇయ్యాల్టి పని రెండు. ఒకటి, ప్రతి ఊళ్లె పది జాగల్ల సిగ్నలు అంకె చూసి, తేదీ, సమయం, సిమ్ పేరు రాసిపెట్టున్రి. సిగ్నలు లేదని ఉత్త నోటితోటి చెప్తే ఆఫీసుల ఎవరూ వినరు. మైనస్ 118 అని పది జాగల లెక్క పెడితే కాదనుడు కష్టం. రెండు, ఆ కాగితం జతచేసి గ్రామసభ తీర్మానం చేసి, కలెక్టరుకు ఒకటి, సంఘానికి ఒకటి పంపున్రి.

కట్టె మీద యాంటెన్నా ఈ సీజను గడిచేటందుకు. కాగితం మీద తీర్మానం మన పిల్లలు కట్ట ఎక్కకుండ ఉండేటందుకు. ఒకటి చేసి ఇంకోటి ఇడవకున్రి. సెలవు.