పెద్దల వినికిడి - మన బాధ్యత

 

జుమా బయాన్ ముగిశాక "ఇమాం సాబ్ ఏం చెప్పారు?" అని పక్కవారిని అడిగే పెద్దలను మనం చూస్తూనే ఉన్నాం. వారికి శబ్దం వినబడుతుంది, మాట తెలియదు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేది స, శ వంటి సన్నని ధ్వనులే. పదేపదే అడగడానికి సిగ్గుపడి, చివరికి మాట్లాడటమే మానేస్తారు.

దీనికి వయసొక్కటే కారణం కాదు. వంశం, షుగరు, బీపీ, పొగతాగడం, కొన్ని మందులు, ఏళ్ల తరబడి విన్న మోత కూడా తోడవుతాయి. లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతిని చనిపోతే మళ్లీ పుట్టవు. వెల్డింగ్ షెడ్లలో, కట్టెకోత మిషన్ల దగ్గర మన కుర్రాళ్లు నేడు పోగొట్టుకునే వినికిడి, ముసలితనంలో మరింత బాధిస్తుంది.

అందుకే దాతలను మూడు కోరుతున్నాం: వైద్య శిబిరాల్లో షుగరు, బీపీలతో పాటు వినికిడి పరీక్ష, మోతలో పనిచేసేవారికి ఇయర్ ప్లగ్గులు, పేద వృద్ధులకు వినికిడి మిషన్, దానితో పాటు బ్యాటరీల ఖర్చు. బ్యాటరీ కొనలేకపోతే మిషన్ పెట్టెలోనే ఉండిపోతుంది.

ఇంట్లో మాత్రం ఖర్చులేని సేవ ఒకటుంది. పెద్దల ఎదురుగా కూర్చుని, విసుక్కోకుండా, నిదానంగా మాట్లాడుదాం. అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక! ఆమీన్.