పన్ను నంబరు ఎవరికి కావాలె?



కరీంనగర్ దిక్కు ఒక మహిళా సంఘం కారంపొడి, పచ్చళ్లు అమ్ముతున్నది అనుకుందాం. ఒకాయన వచ్చి, "మీకు పన్ను నంబరు లేదు. సర్కారు ఫీజు 5 వేలు ఇయ్యండి, తెచ్చిస్త" అన్నడు. ఇయ్యాల్నా?

వెనుకట దీన్ని అమ్మకం పన్ను అనేవారు. 2005లో వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1 నుంచి జీఎస్‌టీ.

తెలంగాణలో సరుకు అమ్మేవారికి ఏడాది అమ్మకం 20 లక్షల రూపాయలు దాటితే నంబరు తప్పదు. లాభం కాదు, అమ్మకం! చిన్న సంఘానికి గంత అమ్మకం ఎక్కడిది? అయితే ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్రకు కారంపొడి పంపి అమ్మితే, కొంచెమైనా సరే, నంబరు కావాలె. నిర్మల్ కొయ్యబొమ్మల వంటి చేతిపనులకు ఇందులో సడలింపు ఉన్నది.

నంబరుకు సర్కారు ఫీజు లేదు. పాన్, ఆధార్, ఫోటో, దుకాణం చిరునామా కాగితం ఉంటే కంప్యూటరులో దరఖాస్తు పెట్టవచ్చు. ఫారం నింపినవారికి కూలి ఇస్తే అది వేరే మాట. నంబరులో 15 అంకెలు, అక్షరాలు ఉంటయి. తెలంగాణది 36తో మొదలైతది.

నంబరు తీసుకున్నంక అమ్మకం లేకున్నా గడువులోగా లెక్క చూపాలె. దాన్నే రిటర్ను అంటరు. ఆలస్యమైతే రోజులెక్కన రుసుము పడ్తది.

ఇంకొకటి. పాన్, ఆధార్, ఫోనుకు వచ్చే ఓటీపీ ఊరికే ఎవరికీ ఇయ్యొద్దు. మీ పేరు మీద ఇంకెవరో కంపెనీ తెరిస్తే, నోటీసు మీ ఇంటికే వస్తది.