విదేశానికి డబ్బు పంపే ముందు

ఉద్యోగం మీద అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లి స్థిరపడేవారు వీసా, టికెట్ల హడావుడిలో బ్యాంకు సంగతి మరిచిపోతుంటారు. విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా ప్రకారం, ప్రవాసులైనవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే కొనసాగించకూడదు. బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఇంటి అద్దె, పింఛను, ఇక్కడి డిపాజిట్ల వడ్డీ అందులో జమవుతాయి. అక్కడి జీతం ఇక్కడ దాచుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా వేరే ఉంది. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అసలూ వడ్డీ రెండూ ఎప్పుడైనా విదేశానికి తీసుకుపోవచ్చు.

మరి ఇల్లో ప్లాటో అమ్మిన సొమ్ము? అది ఎన్ఆర్ఓలో పడుతుంది. పన్ను కట్టాక, ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. పన్ను పత్రాలు బ్యాంకు అడుగుతుంది కనుక చార్టర్డ్ అకౌంటెంటును ముందే కలవండి. ఇక్కడే ఉంటున్న తల్లిదండ్రులు పిల్లలకు పంపాలంటే, పంపే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు పరిమితి, పాన్ తప్పనిసరి.

పంపేటప్పుడు కమీషన్ ఒక్కటే చూడకండి. మారకం రేటులోనూ బ్యాంకు లాభం కలిసి ఉంటుంది. మధ్యలో మరో బ్యాంకు ఉంటే అదీ కొంత కోసుకోవచ్చు. అందుకే, అన్నీ పోను అవతలి ఖాతాలో ఎన్ని డాలర్లు పడతాయో అడగండి. అవతలి బ్యాంకు స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరు, పేరు సరిచూసుకోండి. మొదట చిన్న మొత్తం పంపి, అది చేరాకే పెద్దది పంపండి.