ఎవరు ముందుకు వెళతారు?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



టీవీలో పాటల పోటీ వస్తోందంటే ప్రతి ఇల్లూ ఒక న్యాయస్థానమే. వంటింట్లోంచి తొంగిచూసి "ఈ అమ్మాయి తప్పకుండా గెలుస్తుంది" అంటాం. సోఫాలోంచి ఇంకొకరు "అబ్బే, ఆ అబ్బాయికే ఇస్తారు, చూస్తూ ఉండండి" అంటారు. తీరా ఫలితం వచ్చేసరికి ఇద్దరు చెప్పినదీ కాకుండా మూడోవారి పేరు వినిపిస్తుంది. అప్పుడు "అంతా మోసం" అనేసి టీవీ కట్టేస్తాం. నిజంగా మోసమేనా? లేక మనం ఊహించే పద్ధతిలోనే ఏదైనా లోపం ఉందా? ఈ సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం. ఇందుకు ప్రపంచంలో పేరుమోసిన ఒక పాటల పోటీని ఉదాహరణగా తీసుకుంటాను. అదే యూరోవిజన్ పాటల పోటీ.

లండన్‌లోనో, స్టాక్‌హోమ్‌లోనో కాపురముంటున్న మీ అమ్మాయిలు మే నెలలో ఫోన్ చేసినప్పుడు ఈ పేరు మీ చెవిన వేసే ఉంటారు. ఇది 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానో పట్టణంలో మొదలైంది. ఆ ఏడు ఏడే దేశాలు పాల్గొన్నాయి. దేశానికి రెండేసి పాటలు. మొదటి బహుమతి లీస్ అసియా అనే స్విట్జర్లాండ్ గాయనిది. 1974లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో స్వీడన్ తరఫున గెలిచిన ఆబా బృందం, 1988లో డబ్లిన్‌లో స్విట్జర్లాండ్ తరఫున ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచిన సెలిన్ డియాన్, ఆ తర్వాత లోకమంతా పేరు తెచ్చుకున్నారు.

దేశాల సంఖ్య పెరిగిపోవడంతో 2004 నుంచి సెమీ ఫైనల్ పెట్టారు. 2008 నుంచి రెండు సెమీ ఫైనల్స్. ఒక్కొక్కదానిలోంచి పదేసి పాటలు ఫైనల్‌కు వెళతాయి. ఆ పది పేర్లూ ముందుగా ఊహించి చెప్పడం యూరప్‌లో ఇంటింటా ఒక సరదా. పేర్లు చదివేటప్పుడు కూడా ఎవరు ఎన్నో స్థానమో చెప్పరు. ముందూ వెనకా కలిపేసి చదువుతారు. అసలు మార్కులు ఫైనల్ అయిపోయాకే బయటపెడతారు. పదో పేరు వినిపించేదాకా పాడినవాళ్ళ ముఖాలు చూడాలి మరి!

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 2025లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జరిగినప్పుడు మొదటి సెమీ ఫైనల్లో పదిహేను పాటలు పోటీపడ్డాయి. పది ముందుకు వెళ్ళాలి. అంటే ఒక్క పాట కూడా వినకుండా, చీట్లు వేసి పది పేర్లు తీసినా, సగటున ఆరో ఏడో సరిపోతాయి. అందుచేత ఎవరైనా "నేను పదింట్లో ఏడు సరిగ్గా చెప్పాను" అని మీసం మెలేస్తే మరీ అబ్బురపడకండి. కళ్ళు మూసుకున్నా వచ్చే మార్కులే అవి. అసలు తెలివి ఉన్నదల్లా ఆ మిగతా మూడింటిలోనే.

ఆ మూడూ ఎలా పట్టుకోవాలి?

మొట్టమొదటిది, మనకు నచ్చినదానిని పక్కన పెట్టాలి. చెప్పినంత సులువు కాదిది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా. "ఏ పాట బాగుంది?" అనేది ఒక ప్రశ్న. "ఏ పాటకు ఓట్లు పడతాయి?" అనేది వేరే ప్రశ్న. మనం మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికి చెప్పామనుకుంటాం. ఇల్లాళ్ళకు ఇది బొత్తిగా కొత్త విద్య కాదండీ. మామగారికి ఏది రుచిస్తుందో, పిల్లవాడు బాక్సులో ఏది మిగిల్చి తెస్తాడో మన నాలుకతో కాక వాళ్ళ నాలుకతో ఆలోచించే రోజూ వండుతున్నాం. ఆ విద్యనే చెవికి నేర్పాలి.

రెండోది, ఓట్లు లెక్కపెట్టే పద్ధతి తెలుసుకోవాలి. ప్రతి దేశంలోనూ ప్రేక్షకులు ఫోన్ ద్వారా ఓటు వేస్తారు. సొంత దేశానికి వేయకూడదు. ఎక్కువ ఓట్లు వచ్చిన పాటకు పన్నెండు పాయింట్లు, తర్వాతదానికి పది, ఆ తర్వాత ఎనిమిది, ఏడు, అలా ఒకటి దాకా. పదకొండో స్థానంలో ఉన్న పాటకు సున్న. ఈ పద్ధతి 1975 నుంచి వస్తున్నది.

దీని అర్థం పెళ్ళి భోజనంలో పెట్టి చూడండి. ఆనపకాయ కూర ఉంది. వందమంది తిన్నారు. ఒక్కరూ బాగాలేదనలేదు, ఒక్కరూ మారు వడ్డించమననూ లేదు. పక్కనే కాకరకాయ వేపుడు ఉంది. అరవైమంది విస్తరి అంచుకు నెట్టేశారు. నలభైమంది మాత్రం అడిగి అడిగి వేయించుకున్నారు. ఫోన్ ఓటులో గెలిచేది కాకరకాయే! ఎందుకంటే "నాకు నచ్చలేదు" అని చెప్పడానికి ఫోన్‌లో మీట లేదు. నచ్చినవాళ్ళ ఓట్లే లెక్క. 2006లో ఏథెన్స్‌లో ఫిన్లండ్ తరఫున లార్డీ అనే బృందం రాక్షసుల ముసుగులు తగిలించుకుని గావుకేకల్లాంటి పాట పాడింది. పెద్దవాళ్ళు చెవులు మూసుకునే ఉంటారు. కాని ఆ పాట సెమీ ఫైనల్ దాటడమే కాదు, 292 పాయింట్లతో ఫైనల్ కూడా గెలిచింది. 1961 నుంచి పాల్గొంటున్న ఫిన్లండ్‌కు అదే తొలి విజయం.

మరి నిపుణుల మాటో? మన 'పాడుతా తీయగా'లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారూ, వచ్చిన అతిథులూ శ్రుతి, లయ, ఉచ్చారణ చూసి మార్కులు వేసేవారు. అక్కడ ప్రేక్షకుల ఫోన్ల లెక్క లేదు. 2010లో మన శ్రీరామచంద్ర గెలిచిన ఇండియన్ ఐడల్‌లో ప్రేక్షకుల ఓట్లు కావలసివచ్చాయి. యూరోవిజన్ ఫైనల్లో ఈ రెండూ కలిసి ఉంటాయి. నిపుణులు పాటలన్నిటికీ వరుస కడతారు కనుక, అక్కడ నచ్చనివాళ్ళ మాటా లెక్కకు వస్తుంది. అందుకే ఈ రెండు తక్కెడలూ ఒక్కోసారి చెరోవైపు మొగ్గుతాయి.

2016లో స్టాక్‌హోమ్‌లో ఏమైందో చూడండి. నిపుణుల లెక్కలో ఆస్ట్రేలియా మొదటిది. ప్రేక్షకుల లెక్కలో రష్యా మొదటిది. రెండింటిలోనూ రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్ గాయని జమాలా 534 పాయింట్లతో బహుమతి ఎత్తుకుపోయింది! 2023లో లివర్‌పూల్‌లో ప్రేక్షకులు ఫిన్లండ్ గాయకుడు కారియాకు 376 పాయింట్లు ఇచ్చి నెత్తిన పెట్టుకున్నారు. స్వీడన్ గాయని లోరీన్‌కు ప్రేక్షకుల వల్ల వచ్చినవి 243 మాత్రమే. కాని నిపుణులు ఆమెకు 340 ఇచ్చారు. మొత్తం 583తో ఆమే గెలిచి, ఈ పోటీ రెండుసార్లు గెలిచిన మొదటి మహిళ అయింది.

కాబట్టి ఊహించేముందు అడగవలసిన ప్రశ్న: "ఈసారి తక్కెడ ఎవరి చేతిలో ఉంది?" సెమీ ఫైనల్స్‌లో 2010 నుంచి 2022 దాకా సగం నిపుణులు, సగం ప్రేక్షకులు. 2023 నుంచి 2025 దాకా పూర్తిగా ప్రేక్షకులే. 2026 వియన్నా పోటీకి నిపుణులను తిరిగి సెమీ ఫైనల్స్‌లోకి తెచ్చారు. నిరుడు పనికొచ్చిన ఊహ ఈ ఏడు పనికిరాకపోవడానికి ఇదొక కారణం. పాడేవాళ్ళు మారడం ఒక్కటే కాదు, కొలబద్ద కూడా మారుతుంది.

మూడోది, ఇరుగుపొరుగు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు" అన్న సామెత ఈ పోటీకి అతికినట్టు సరిపోతుంది. గ్రీసు, సైప్రస్ ఒకదానికొకటి పన్నెండేసి పాయింట్లు ఇచ్చుకోవడం ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే. టర్కీ పాల్గొన్న రోజుల్లో, జర్మనీలో స్థిరపడిన టర్కీ కుటుంబాల వల్ల జర్మనీ ఓట్లు అటు బాగా వెళ్ళేవి. దీన్నంతా కుట్ర అనేయకండి. భాష తెలుసు, గాయకుడు ముందే తెలుసు, ఆ బాణీ చెవికి అలవాటు. పొరుగూరు వెళ్ళి స్థిరపడ్డా మన పాట వినిపిస్తే మనం ఆగమూ? 2007లో హెల్సింకిలో సెమీ ఫైనల్ దాటిన పదింటిలో పశ్చిమ యూరప్ దేశం ఒక్కటీ లేదు. దానిమీద గొడవ లేచి, మరుసటి ఏటినుంచి రెండు సెమీ ఫైనల్స్ పెట్టారు. ఒకరికొకరు ఓట్లు వేసుకునే దేశాలను వేరువేరు గుంపులుగా చేసి, చీటీలు తీసి, రెండింటిలోకీ సర్దుతున్నారు. అందుకని పాట వినేముందు ఆ సెమీ ఫైనల్లో ఓటు వేసే దేశాలేవో జాబితా చూసుకోవాలి.

అలాగని ఇరుగుపొరుగునే నమ్ముకున్నా బోర్లాపడతాం. అజర్‌బైజాన్, రుమేనియా, రష్యా అంతవరకూ సెమీ ఫైనల్లో ఒక్కసారీ ఓడని దేశాలు. 2018లో లిస్బన్‌లో మూడూ ఒకే ఏడు తప్పిపోయాయి. నెదర్లాండ్స్ సంగతి దీనికి తిరగబడి ఉంది. 2005 నుంచి 2012 దాకా వరసగా ఎనిమిదేళ్ళు సెమీ ఫైనల్ దాటలేకపోయింది. ఇక ఆ దేశం పని అయిపోయిందనుకున్నారు. 2013లో ఆనూక్ అనే గాయని ఆర్భాటం లేని నెమ్మదైన పాటతో వచ్చి ఫైనల్‌కు వెళ్ళి తొమ్మిదో స్థానం తెచ్చుకుంది. మరుసటి ఏడు రెండో స్థానం. 2019లో ఏకంగా బహుమతే.

నాలుగోది, పాట వచ్చే వరుస. చివర్లో పాడినవారికి కొంత లాభం ఉంటుందని ఈ పోటీని గమనించేవాళ్ళ అనుభవం. చివర విన్నది చెవిలో ఉండిపోతుంది కదా. ఫైనల్లో రెండో పాటగా పాడి గెలిచినవారు 2025 దాకా ఒక్కరూ లేరు. 2013 నుంచి ఈ వరుసను చాలామటుకు కార్యక్రమం నడిపేవాళ్ళే నిర్ణయిస్తున్నారు. ఒక హోరుపాట పక్కన ఒక జోలపాట, దాని పక్కన ఇంకొకటి, విందు వడ్డించినట్టు అమరుస్తారు. నాలుగు హోరుపాటల మధ్య ఒకే ఒక్క మెల్లని పాట ఉంటే, దానిమీద ఓ కన్ను వేసి ఉంచండి.

2017లో కీవ్ నగరంలో సరిగ్గా అటువంటి పాటే గెలిచింది. పోర్చుగల్ 1964 నుంచి పాల్గొంటూ ఒక్కసారీ గెలవలేదు. సాల్వడోర్ సోబ్రాల్ అనే యువకుడు దీపాల హంగామా, నాట్యాలు ఏవీ లేకుండా నిలబడి తన భాషలో పాడాడు. ఆ పాట రాసి బాణీ కట్టింది అతని అక్క లుయీజా. అతనికి గుండె జబ్బు. ముందుగా చేరుకోలేకపోతే తొలి రిహార్సల్స్‌లో అక్కే తమ్ముడి బదులు నిలబడి పాడింది. నిపుణులూ ప్రేక్షకులూ కూడా అతన్నే మొదట పెట్టారు. మొత్తం 758 పాయింట్లు! లెక్కలన్నీ వేసుకున్నాక కూడా, మనసును తాకే పాటకు ఒక గడి ఖాళీగా ఉంచాలని అందుకే అంటున్నాను.

ఇక పందేలు కాసేవాళ్ళ జాబితాలంటారా? వాటిలో కొంత సారం ఉంటుంది, కాని పట్టుకుని వేలాడకూడదు. 2025లో పందెగాళ్ళంతా స్వీడన్ తరఫున పాడిన కాయ్ బృందమే గెలుస్తుందన్నారు. అది నాలుగో స్థానంలో నిలిచింది. గెలిచింది ఆస్ట్రియా. డబ్బు పెట్టి ఊహించడం మొదలుపెడితే సరదా పోయి తలనొప్పి మిగులుతుంది. మనకెందుకండీ ఆ గోల?

ఇంట్లో ఆడుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఏ పాటల పోటీకైనా పనికొస్తుంది. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీకు నచ్చినవారి పేర్లు. రెండోదానిలో మీకు నచ్చకపోయినా ఎవరో ఒకరు ప్రాణం పెట్టి ఓటు వేస్తారనిపించినవారి పేర్లు. మూడోదానిలో ఈసారి నియమాల వల్ల, వరుస వల్ల, ఇరుగుపొరుగు వల్ల లాభపడేవారి పేర్లు. రెండు, మూడు గడులు రెండింటిలోనూ ఉన్న పేర్లను ముందుకు పంపండి. మొదటి గడిని మాత్రం చెరిపేయకండి. అది మీది. ఫలితం ఏమైనా ఆ పాట మీకు నచ్చిందన్నది అబద్ధం కాదు.

చివరగా అమ్మలకు ఒక మాట. ఇవాళ మన పిల్లలు కూడా టీవీ పోటీలకు వెళుతున్నారు. పేరు పిలవకపోతే ఇంటికొచ్చి అన్నం మానేస్తున్నారు. వాళ్ళకు స్వీడన్ అమ్మాయి అన్నా బెర్గెన్‌దాల్ కథ చెప్పండి. 2010లో పద్దెనిమిదేళ్ళ వయసులో సెమీ ఫైనల్లో పాడి పదకొండో స్థానంలో నిలిచింది. ఐదంటే ఐదు పాయింట్లలో ఫైనల్ తప్పిపోయింది. సెమీ ఫైనల్స్ పెట్టాక స్వీడన్ ఓడిపోవడం అదే మొదటిసారి. అంత బరువు ఆ చిన్నపిల్ల నెత్తిన పడింది. అయినా పాట మానలేదు. 2019లోనూ, 2020లోనూ స్వీడన్ జాతీయ పోటీకి మళ్ళీ వచ్చి ఫైనల్ దాకా పాడింది.

పదో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య తేడా గొంతులోనే ఉండనక్కరలేదు. పాడిన వరుసలో ఉండవచ్చు, ఆ ఏటి నియమంలో ఉండవచ్చు, పొరుగువాళ్ళు లేకపోవడంలో ఉండవచ్చు. ఎవరు ముందుకు వెళతారో ఊహించడం నేర్చుకుంటే మనకు దక్కే అసలు లాభం ఈ ఎరుకే. పేర్లు చదివి దీపాలు ఆర్పేశాక, పేరు రాని పిల్లను దగ్గరకు తీసుకుని "ఏదీ, ఆ పాట నాకోసం ఒకసారి పాడమ్మా" అనండి. ఆ ఓటు వేయడానికి ఏ ఫోనూ అక్కరలేదు.

సెలవు.