చిత్రమును చూచుట, చెప్పుట, వినుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గ్రామస్థులకు చదువుట నేర్పినది. చదివినదానిని గూర్చి నలుగురిలో మాటాడుటయు నేర్పినది. ఒక నవలను చదివినవాడు "బాగున్నది" అని మాత్రమే చెప్పి ఊరకుండడు. ఏ పాత్ర మనసున నిలిచినదో, ఏ ఘట్టము విసుగు పుట్టించినదో కూడ చెప్పును. ఆ అలవాటును నేడు మరియొక వస్తువునకు వర్తింపజేయవలసియున్నది. ఆ వస్తువు ఛాయాచిత్రము.

ఒకప్పుడు పెండ్లికో, దరఖాస్తుకో ఫోటో కావలసినచో నరసరావుపేటకో, మాచర్లకో పోయి స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారు. నేడు సెల్‌ఫోను చేతనున్న ప్రతివాడును ఫోటోలు తీయుచున్నాడు. తీయుట సులభమైనది. తీసినదానిని గూర్చి మేలు చేయు మాట చెప్పుట మాత్రము సులభము కాలేదు.

ఒక యువకుడు మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లలో ఒక ప్రభను ఫోటో తీసెననుకొనుడు. ప్రభ పైకొన చిత్రములోనికి రాలేదు. విద్యుద్దీపములు తెల్లని మచ్చలై పోయినవి. అతడు దానిని రచ్చబండ వద్ద పెద్దలకు చూపెను. మొదటివాడు "బ్రహ్మాండముగా నున్నదిరా!" అనెను. రెండవవాడు "ప్రభ తల నరికితివి గదరా, నీకెందుకీ పని?" అనెను. అందరును నవ్విరి. మొదటి మాట వలన ఆ యువకుడు నేర్చినది లేదు. రెండవ మాట వలన అతడు ఫోనును జేబులో పెట్టుకొని మరల తీయలేదు.

మూడవవాడొకడు అక్కడ ఉండియున్నచో ఇట్లు చెప్పెడివాడు: "అబ్బాయీ, మోకు పట్టిన ఆ ముసలి రైతు ముఖము మీదికే మొదట నా చూపు పోయినది. అది చక్కగా కుదిరినది. కాని కొన కనబడనందున ప్రభ ఎంత ఎత్తో తెలియుట లేదు. వచ్చే తిరునాళ్లకు ఇంకొక ఇరువది అడుగులు వెనుకకు జరిగి, ఫోనును నిలువుగా పట్టి చూడుము. తెరమీద దీపమున్న చోట వ్రేలితో తాకినచో ఆ తెలుపు కొంత తగ్గును. అట్లు కాక, రైతే నీకు ముఖ్యుడైనచో ప్రభను విడిచి అతనికి దగ్గరగా పొమ్ము."

మేలైన విమర్శకు కావలసిన మూడు అంగములును ఈ మాటలలో నున్నవి. కన్ను ఏమి చూచినదో చెప్పుట మొదటిది. చూపునకు ఏది అడ్డు తగిలినదో కారణముతో చెప్పుట రెండవది. మరల తీయునప్పుడు చేయదగిన పనిని చెప్పుట మూడవది. మాట చిత్రము మీద నిలువవలెను గాని, తీసినవాని మీదికి పోరాదు.

మిరప పండించువారికి ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. చేను గట్టున నిలిచి "తోట పోయినదయ్యా" అని పోయెడివాడు రైతునకు బరువు పెంచునే గాని సాయపడడు. చేనిలోనికి దిగి ఆకును త్రిప్పి చూచి, అంచులు పైకి ముడుచుకొన్నచో తామరపురుగు అనియు, క్రిందికి ముడుచుకొన్నచో నల్లి అనియు చెప్పువాడే ఆప్తుడు. ఫలానిది రోగమని తెలిసినప్పుడే మందు తెలియును. చిత్రమునకును అంతియే.

విమర్శకుడు దోషమును, అభిరుచిని వేరుపరుపవలెను. మాచర్ల దాపున చంద్రవంక మీదనున్న ఎత్తిపోతల జలపాతమునే తీసికొనుడు. కెమెరా తలుపును క్షణములో వేయో వంతు తెరచినచో నీటి బిందువులు వేరువేరుగా నిలుచును. అర సెకను తెరచినచో అదే నీరు ఆరవేసిన పట్టుచీరవలె జాలువారును. ఇందొకటి ఒప్పు, రెండవది తప్పు కాదు. అర సెకను తెరచినప్పుడు చేయి వణకి ప్రక్కనున్న బండయు చెదిరినచో, అది దోషము. "నాకిది నచ్చలేదు" అను మాటకును, "ఇది చెడినది" అను మాటకును నడుమ ఎంత దూరమున్నదో చెప్పువాడు మరువరాదు.

కారణమును ఎరుగక దోషము పట్టుటయు న్యాయము కాదు. 1855లో మదరాసులో జరిగిన ప్రదర్శనమున లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి 68 దేవాలయ చిత్రములను ఉంచెను. న్యాయనిర్ణేతలు వానినే ఉత్తమములుగా నిర్ణయించిరి. 1858లో ఆయనయే మదరాసు మ్యూజియమునందున్న అమరావతి స్తూప శిల్పములను ఫోటోలు తీసెను. ఆ అమరావతి గ్రామము నేడు పల్నాడు జిల్లాలోనిదే. ఆ కాలపు రసాయనములకు నీలికాంతి త్వరగా సోకెడిది. అందువలన ఆకాశము చిత్రములో బోసిగా, తెల్లగా వచ్చెడిది. ట్రైప్ నెగటివు మీద రంగు పూసి ఆకాశమునకు మేఘములను కూర్చెడివాడు. బోసి ఆకాశము తీసినవాని అశ్రద్ధ గాదు, సాధనముయొక్క హద్దు. తక్కువ వెల ఫోనుతో రాత్రివేళ తీసిన చిత్రము గరుకుగా వచ్చినచో అదియు అట్టిదే. అప్పుడు "ఫోను మార్చుము" అనుటకంటె "ఫోనును స్తంభమునకు ఆనించి కదలక తీయుము" అనుట మేలు.

ఇక విమర్శ పరిహాసమైనప్పుడు గ్రామము ఏమి కోల్పోవునో ఆలోచింపుడు. నాగార్జునకొండ లోయ కృష్ణలో మునుగనున్నదని తెలిసి 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు అక్కడ విస్తారముగా త్రవ్వకములు జరిపిరి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. కొన్ని కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించి నిలిపిరి. కాని ఆ లోయ ఉన్నది ఉన్నట్లుగా నేడు చిత్రములలోనే కానవచ్చును. ఎంత వెలగల కెమెరాతోనైనను దానిని మరల తీయుట సాధ్యము కాదు.

ప్రతి గ్రామమునందును ఇట్టివి కలవు. పడగొట్టబోవు పాత సావిడి, కూలిన రావిచెట్టు, నిరుటి వరకు అరుగు మీద కూర్చున్న అవ్వ. చిత్రము వంకరగా నుండవచ్చును, వెలుగు చాలకపోవచ్చును. అయినను అది ఒక్కటే మిగిలిన ఆనవాలు కావచ్చును. ఒక నవ్వునకు సిగ్గుపడి యువకుడు దానిని ఫోనులోనుండి తుడిచివేసినచో, తుడిచినది తిరిగి రాదు. కనుక చెప్పువాడు "మరల తీయుము" అనుటకు ముందు, మరల తీయదగినదేనా అని అడిగి తెలిసికొనవలెను. కాని యెడల "దీనిని భద్రపరుపుము, వెనుక తేదీయు పేర్లును వ్రాసి ఉంచుము" అనుటయే సరియైన విమర్శ.

వినువానికిని ధర్మములు కలవు. మాట పూర్తి కాకముందే "ఎండ ఎక్కువగా నుండెను, జనము త్రోసిరి" అని సమాధానములు చెప్పరాదు. చిత్రము పోయిన ప్రతి చోటికిని ఆ సమాధానములు వెంటపోవు. పొగడ్తకై చూపరాదు. "మీ చూపు మొదట ఎటు పోయినది?" అని అడిగినచో చాలును, చూచువాడు దాపరికము లేక చెప్పును. చెప్పినదెల్ల పాటింపనక్కరలేదు. ఒక్కరి మాటను తలచి చూడవలెను. ఒకరితో నొకరు మాటాడుకొనని ముగ్గురు ఒకే లోపమును చెప్పినచో, పోయి మరల తీయవలెను. మిరపకాయలు కోయు స్త్రీలనో, కళ్లములోని కూలీలనో తీసినప్పుడు వారి అనుమతియే మొదటి మాట, వారి అభిప్రాయమే మొదటి విమర్శ. వారు వలదన్న చిత్రము ఎంత అందమైనదైనను చూపదగినది కాదు.

ఈ పనికి గ్రంథాలయముకంటె తగిన తావు లేదు. నెలకొక సాయంకాలము ఐదు చిత్రములను గోడకు తగిలింపవచ్చును. పేర్లకు బదులు అంకెలు వేసినచో మోతుబరి కుమారుని చిత్రమును, కూలివాని కుమారుని చిత్రమును ఒకే కంటితో చూడగలరు. ప్రతివారును తాము చూచినదానిని మొదట చెప్పి, పిదప ఒక్క లోపమును, ఒక్క ఉపాయమును చెప్పవలెను. తీసినవారు చివరను మాటాడవలెను. వచ్చు నెలలో పాత చిత్రము ప్రక్కనే క్రొత్తదానిని ఉంచినచో, చెప్పిన మాట ఫలించినదో లేదో గోడయే చెప్పును.

రచ్చబండ వద్ద నవ్వు విని ఫోనును జేబులో పెట్టుకొన్న ఆ యువకుడు తిరిగి దానిని బయటికి తీసిన నాడు ఈ గ్రంథాలయము మరియొక మంచి పని చేసినట్లగును. స్వర్ణోత్సవము నాటికి ఇరువదియైదేండ్ల గ్రామచరిత్ర ఈ గోడమీద కన్నులకు కట్టునుగాక!