పనుల పట్టిక



కాలవినియోగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించినారు. ఉదయము తొమ్మిది గంటలకు ప్రారంభము కావలసిన యీ సభ పదునొకండున్నరకు ప్రారంభమైనది. కావున ఉదాహరణము కొఱకు దూరము పోవలసిన పని లేదు. ఆలస్యముగ వచ్చినవారిలో మేమును ఒకరము.

మన యిండ్లలో ముందుచూపు లేకపోలేదు. వివాహమునే తీసికొనుడు. ముహూర్తము నిశ్చయమైన నాడే పురోహితుడు సామగ్రి చీటీ వ్రాసి చేతికిచ్చును. పసుపు కుంకుమలు, తమలపాకులు, జీలకఱ్ఱ, బెల్లము, తెరసెల్ల, తలంబ్రాల బియ్యము, ఏదియు విడువడు. పిమ్మట ఇంటి యజమాని ముహూర్తమునుండి వెనుకకు లెక్కించుకొనును. శుభలేఖలు పంచుటకు ఇన్ని దినములు, అచ్చగుటకు ఇన్ని దినములు, కనుక ఫలానా నాటికి అచ్చుకూటమున నీయవలెను. ఫలానా నాటికి వంటవారికి బయానా ముట్టవలెను. ప్రతి పనికిని ఒక మనిషి యుండును. పందిరి మేనమామది, విడిది బావగారిది, వంటశాల పెదనాన్నగారిది. ఏ పని ఎవరిదని వేఱుగ నడుగ నక్కఱలేదు. లగ్నము తప్పరాదను భయమే మనకీ క్రమమును నేర్పినది. ముహూర్తము లేని పనులకు మాత్రము మనమీ క్రమమును పూర్తిగ విడిచిపెట్టుచున్నాము.

కడచిన సంవత్సరము మన విద్యార్థి వసతి గృహమున జరిగినది దాచుట ధర్మము కాదు. ఒక బాలునకు విద్యార్థి వేతనమునకు తగిన మార్కులు వచ్చినవి. దరఖాస్తుతో ఆదాయ ధ్రువపత్రము, ప్రధానోపాధ్యాయుని సంతకము, మన సంఘము వారి లేఖ జతపఱుపవలసి యుండెను. ఈ సంగతి కార్యవర్గమున మువ్వురకు తెలియును. అందు మేమొకరము. సమావేశమున “చూచెదము లెండు” అనుకొంటిమి. వారు చూతురని మేమును, మేము చూతుమని వారును ఊరకుంటిమి. గడువు నాలుగు దినములున్నదనగా జ్ఞప్తికి వచ్చినది. ధ్రువపత్రము చేతికి వచ్చునప్పటికి గడువు గడచి రెండు దినములైనది. ఆ బాలుడిప్పుడు సాయంకాలములందు బట్టల దుకాణమున పనిచేయుచు చదువుకొనుచున్నాడు. అతని తల్లి మాయింటికి వచ్చినది. ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. “మరల నెప్పుడు పిలుతురు బాబూ?” అని మాత్రమే యడిగినది. మేము చెప్పిన సమాధానము మాకే రుచింపలేదు.

“ఈపాటి పనులకు కాగితమేల? అన్నియు తలలో నున్నవి” అనెడు పెద్దలు గలరు. 1935వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన అమెరికాలో రైట్ ఫీల్డు అనుచోట బోయింగు కంపెనీవారి నాలుగు ఇంజనుల విమానము పరీక్షార్థమై పైకెగిరి, కొలది క్షణములలోనే కూలిపోయెను. నడపినవాడు కొత్తవాడు కాడు, ఆరితేరినవాడు. నేలపై నిలిచియున్నపుడు తోక రెక్కలు గాలికి కదలకుండ వేసిన బిగింపును తీయుట మఱచిరి. ఇరువురు మరణించిరి. యంత్రమున లోపము లేదు. అటుపిమ్మట వైమానికులు చేయవలసిన పనులను కాగితముపై వ్రాసికొని, ఒక్కొక్కదానిని సరిచూచుకొను పద్ధతి నేర్పఱచుకొనిరి. ఆ జాతి విమానములే తరువాత పండ్రెండు వేలకు పైగా తయారైనవి.

“ఇంకను వ్యవధి యున్నది” అనునది రెండవ మాట. కెనడాలో కొందఱు విద్యార్థులను, మీ పరిశోధన వ్యాసము ఎన్నాళ్లకు ముగియునని యడుగగా, సగటున సుమారు 34 దినములనిరి. అన్నియు ప్రతికూలించినచో 49 దినములనిరి. తీరా పట్టినవి 55 దినములకు పైగా. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అను పండితులు దీనిని 1994లో ప్రకటించిరి. ఈ లెక్కను బట్టి పది దినములనుకొన్న పనికి పదునాఱు దినములుంచుకొనుట క్షేమము. మన కార్యవర్గమునకైనచో ఇరువది.

మేమిటీవల అవలంబించుచున్న పద్ధతి చాల స్వల్పము. రాత్రి భోజనమైన పిదప మఱునాటి పనులు ఐదాఱు మించకుండ వ్రాసికొందుము. “విద్యార్థి వేతనము” అని వ్రాసిన అది పని కాదు, చింత. “సోమవారము ఉదయము తహసీల్దారు కార్యాలయమున దరఖాస్తు ఇచ్చుట” అని వ్రాసిన అది పని. మూడుదినములు వరుసగ మిగిలిపోయిన దానిని ముక్కలు చేయుదుము, లేదా మఱియొకరి కప్పగింతుము, లేదా సిగ్గు విడిచి కొట్టివేయుదుము. కొందఱు క్రొత్త పుస్తకము కొని, ఎఱ్ఱసిరాతో గీతలు గీచి, పట్టిక వ్రాయుటతోనే పూట గడుపుదురు. పాత కవరు వెనుకభాగము చాలును.

ఈ సభాభవనపు వాకిట నొక నల్లబల్ల వ్రేలాడదీయించితిమి. విద్యార్థి పేరు, కావలసిన పత్రము, గడువు, తెచ్చువారి పేరు అని నాలుగు గళ్లు. మొదటి వరుసలో ఆ బాలుని పేరు వ్రాసి, దానికెదురుగ మా పేరు వ్రాసికొంటిమి. తక్కిన వరుసలలో నాలుగవ గడి ఖాళీగా నున్నది. భోజనశాలకు త్రోవ ఆ వాకిటి మీదుగనే. సుద్దముక్క బల్ల క్రిందనే యుంచితిమి.