గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారికీ చదువు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయులమైన మేము ఈ వేదిక మీద ఏటా పిల్లల చదువు గురించే మాట్లాడుతూ వచ్చాము. నోటు పుస్తకాలు, ఫీజులు, పదో తరగతి ఫలితాలు, అంతే. సెక్రటరీ గారు ఈసారి వేరే పని అప్పగించారు. పిల్లల నాయనల చదువు గురించి చెప్పమన్నారు. ఇరవై, ముప్పై ఏండ్లుగా దుకాణమో, వర్క్‌షాపో, కట్టెల డిపోనో నడుపుతున్నవారు ఇంకా నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అన్నది ప్రశ్న. కమిటీలో ఈ మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన నవ్వి, "సార్, మీ బళ్లో చదివిన పిల్లకాయలు మా దగ్గర గుమాస్తాలుగా ఉన్నారు. మాకు మీరు పాఠం చెబుతారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మనవి చేసుకుందామనే వచ్చాము.

మొదట కోచింగ్ అనే మాట సంగతి. మన ఊళ్లలో కోచింగ్ అంటే ఇంజనీరింగ్ ఎంట్రన్సు, డీఎస్సీ. గదికి వందమంది, బోర్డు నిండా లెక్కలు. కానీ ఈ మాట పుట్టుక వేరు. హంగరీ దేశంలో కోచ్ అనే పల్లె ఉంది. అక్కడ తయారైన గుర్రపు బండికి ఆ ఊరి పేరే నిలిచి, ఇంగ్లీషులోకి పోయింది. మన ఉర్దూలో బండి తోలేవాణ్ణి కోచ్‌వాన్ అనడం దాని చలవే. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష దాటించే ట్యూటరును సరదాగా కోచ్ అన్నారు. అక్కణ్ణించి ఆటల్లోకి, ఆ తర్వాత వ్యాపారంలోకి వచ్చింది. బండి ఎక్కినవాడే ఎక్కడికి పోవాలో చెబుతాడు, కోచ్‌వాన్ తీసుకుపోతాడు. అనుభవం ఉన్న వ్యాపారికి ఇచ్చే కోచింగ్ ఈ రకందే. పాఠం చెప్పడం కాదు.

బ్రిటన్‌లో జాన్ విట్మోర్ అనే ఆయన ఉండేవారు. మొదట కార్ల పందేలలో పాల్గొన్నవారు. 1992లో ఆయన ఈ విద్య మీద రాసిన పుస్తకం చాలా పేరు పొందింది. అందులో పద్ధతి మొత్తం ప్రశ్నలే. నీకు కావలసిందేమిటి? ఇప్పుడు నీ పరిస్థితి ఏమిటి? ఏమేమి దారులు ఉన్నాయి? వాటిలో ఏది చేస్తావు, ఎప్పటిలోగా? చూడటానికి చిన్నపిల్లల ప్రశ్నల్లాగే ఉన్నాయి. మనలో ఎవరైనా రెండో ప్రశ్నకు అంకెలతో సహా, కాగితం మీద జవాబు రాయగలిగితే మాకు చూపించండి. అరువులు ఎంత, అందులో వసూలయ్యేది ఎంత, మొన్నటి పండుగకు తెచ్చిన సరుకు ఇంకా ఎంత మిగిలింది అన్నది చాలామందికి నోటిలెక్కగా తెలుసు. రాస్తే తేలే లెక్క వేరుగా ఉంటుంది.

ఇదంతా దొరల దేశపు ముచ్చట అని కొందరికి అనిపించవచ్చు. అందుకే మన తెలుగు నేల మీద జరిగిన సంగతి కాస్త వివరంగా చెప్పదలచాము.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవారు. పని బాగా చేయాలి, నిన్నటి కంటే మెరుగ్గా చేయాలి అనే తపన పుట్టుకతో వచ్చి ఆగిపోయేది కాదనీ, పెద్దవారిలో కూడా దానిని పెంచవచ్చుననీ ఆయన వాదన. దానిని పరీక్షించడానికి ఆయన ఎన్నుకున్న ఊరు మన కాకినాడ. 1964లో ఆ ఊరి వ్యాపార, పారిశ్రామిక వర్గం నుంచి 52 మందిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తీసుకుపోయారు. అప్పట్లో దాని పేరు సియెట్. నేడు యూసుఫ్‌గూడలో ఉన్న నిమ్స్‌మీ అదే. వచ్చినవారు కుర్రవాళ్లు కారు. అప్పటికే వ్యాపారాలు నడుపుతున్నవారు. పదిరోజుల పాటు దుకాణం వదిలి, అక్కడే ఉండి నేర్చుకున్నారు.

ఏమి నేర్పారు? పద్దులు కాదు, అమ్మకాల కిటుకులు కాదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. ఇందులో ఉన్నది ఎవరు, ఏమి జరిగింది, మనసులో ఏమనుకుంటున్నాడు, ఇక ఏమి జరుగుతుంది? నాలుగో తరగతిలో మేము చేయించే పనే ఇది! కాకపోతే వాళ్లు ఆ కథలను వేరే కంటితో చదివారు. కథలోని మనిషి పని గురించి, దానిలోని అడ్డంకి గురించి, దాన్ని దాటే ఉపాయం గురించి ఆలోచిస్తున్నాడా, లేక ఊరికే కూర్చొని తలరాత అనుకుంటున్నాడా అని లెక్క వేశారు. తర్వాత ఆ లెక్క వేసే విధానాన్ని ఆ వ్యాపారులకే నేర్పారు. అంటే తమ ఆలోచన ఎటు పోతున్నదో తామే పట్టుకునేటట్లు చేశారు.

మెక్లెలాండ్ చెప్పే ఇంకో ఆట ఉంది, రింగులు విసరడం. ఒక గూటం పాతి, ఎంత దూరం నుంచి విసురుతారో మీ ఇష్టం అంటారు. కొందరు పక్కనే నిలబడి వేస్తారు. పడుతుంది గానీ దానిలో గొప్ప ఏముంది? కొందరు చాలా వెనక్కి పోయి విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే ఎవరూ ఏమీ అనరు. సాధించాలనే తపన గలవాడు మాత్రం నడిమి దూరం చూసుకుంటాడు. కష్టపడితే పడేటంత దూరం. మన బజారులో రెండు రకాలూ కనిపిస్తాయి. ముప్పై ఏండ్లుగా అదే నాలుగు అరలు, అదే సరుకు పెట్టుకున్నవారు ఉన్నారు. కొడుకు మాట విని ఒక్కసారిగా మూడు అంతస్తుల షోరూం కట్టి, వడ్డీ కింద నలిగినవారూ ఉన్నారు. నడిమి దూరం వాళ్లు తక్కువ.

రెండేండ్ల తర్వాత వెళ్లి చూస్తే, శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది కొత్త పనులు మొదలుపెట్టారు, పెట్టుబడి పెంచారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. శిక్షణ లేని వ్యాపారులలో ఆ కదలిక అంతగా లేదు. పాత ఆచారాలు, నమ్మకాలు దీనికి అడ్డు రాలేదన్నది మరో సంగతి. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ దీనిని 1969లో పుస్తకంగా వేశారు.

ఆ పుస్తకంలో మాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన విషయం ఒకటి. శిక్షణ ఫలితం బాగా కనిపించింది వ్యాపారంలో పెత్తనం తమ చేతిలో ఉన్నవారిలోనే. నిర్ణయం తీసుకునే అధికారం లేనివాడికి ఎంత తపన నేర్పినా అది పనిలోకి దిగే దారి లేదు.

ఇది మన ఇళ్లలోని కథ. పెద్దలు మన్నించాలి, చెప్పక తప్పదు. నలభై ఏండ్ల కొడుకు, పదిహేడేండ్లుగా అదే దుకాణంలో ఉన్నవాడు, ఐదువేల సరుకు తేవడానికి అబ్బా ముఖం చూడాలి. గల్లాపెట్టె తాళం అబ్బా జేబులో. జీఎస్టీ 2017లో వచ్చినప్పటి నుంచి బిల్లులన్నీ చూసేది కొడుకు, ఫోన్‌లో డబ్బు వచ్చిందో లేదో చూసేది కొడుకు, ఆడిటరు దగ్గర కూర్చునేది కొడుకు. ధర చెప్పేది మాత్రం అబ్బా! ఇటువంటి ఇంట్లో కొడుకు ఒక్కణ్ణే పిలిచి కోచింగ్ ఇస్తే, ఇంటికి పోయి తగాదా పడటం తప్ప జరిగేది ఏమీ లేదు. అబ్బా ఒక్కరినే పిలిస్తే, వారు మా మాట వింటారు, టీ తాగుతారు, తాళం జేబులో వేసుకొని వెళ్తారు. మాకు బాగా తెలిసిన ఒక డిపోలో ఇటీవల ఈ పెనుగులాట ముదిరి, కొడుకు బెంగుళూరుకు పోయి ఇంకొకరి దగ్గర జీతానికి చేరాడు. తండ్రికి మోకాళ్ల నొప్పులు, డిపో సగం రోజులు మూతే. పేరు చెప్పనక్కరలేదు, ఇటువంటివి మీకూ తెలుసు.

ఇళ్లల్లో కుట్టుపని, పచ్చళ్ల వ్యాపారం చేసే తల్లులను ఇందులో మరచిపోరాదు. వారిలో పదిహేనేండ్ల అనుభవం ఉన్నవారు ఉన్నారు. వారిని వ్యాపారులని ఎవరూ అనరు, అంతే తేడా. వారికి వేరే పూట పెట్టాలని మా ఆలోచన.

ఇక డబ్బు మాట. పిల్లల స్కాలర్‌షిప్పు నిధి దీనికి వాడతారా అని కొందరికి అనుమానం. ఆ నిధిలోంచి ఒక్క రూపాయి అక్కరలేదు. సొసైటీ ఆఫీసు గది ఉంది. పన్నెండుమందికి మించకుండా ఒక జట్టు, వారానికి ఒక రాత్రి, దుకాణాలు మూసిన తర్వాత గంటన్నర, మొత్తం పది వారాలు. మేము పాఠం చెప్పము. ఒకరు తమ వ్యాపారంలోని ఒక చిక్కు చెబుతారు, మిగతావారు ప్రశ్నలే వేయాలి, సలహా ఇవ్వరాదు. సలహా ఇవ్వకుండా ఉండటమే మనవాళ్లకు అన్నిటికంటే కష్టమని మాకు తెలుసు. చివర ఆ వారంలో చేయబోయే పని ఒకటి కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. మరుసటి వారం మొదటి మాట దాని గురించే. అక్కడ విన్న లెక్కలు గది దాటి బయటికి పోకూడదు. ఈ షరతుకు ఒప్పుకోనివారు దయచేసి రావద్దు, ఎందుకంటే మన బజారులో మాట ఎంత వేగంగా నడుస్తుందో అందరికీ ఎరుకే.

పేర్లు ఆఫీసులో రాయించవచ్చు. తండ్రీకొడుకులు ఇద్దరూ వస్తే మరీ సంతోషం. ఇద్దరినీ వేర్వేరు బెంచీల మీద కూర్చోబెడతాము, మొదటి రాత్రి కొడుకునే ముందు మాట్లాడమంటాము.